సరిగ్గా ఆరు మిల్లీలీటర్లు

సెలూన్ వెనక గది
ఆగస్టు 9

అక్కా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానని గాభరా పడకు. ఫోన్లో నువ్వు నాకు అక్కవి కావు, నరాల వార్డు హెడ్ నర్సువి. "ఎంతసేపు కొట్టుకున్నావ్, ముందు ఏ చెయ్యి, నాలుక కరుచుకున్నావా" అని తెగ గుచ్చుతావు. మధ్యలో ఒక్క జోకు వేద్దామన్నా సందు దొరకదు. కాగితం మీదైతే నన్నెవరూ ఆపలేరు.

మొన్న మళ్ళీ ఫిట్ వచ్చింది. మార్చిలో మొదటిసారి వచ్చాక మందు మొదలుపెట్టారు కదా, మే దాకా నిక్షేపంలా ఉన్నాను. జూన్ నుంచి ఇది మూడోది. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయనకు మీసం కత్తిరిస్తున్నాను. కుడివైపు అయింది. ఎడమవైపు మొదలుపెట్టేలోపు నేల మీద ఉన్నాను. తెలివొచ్చేసరికి నా పళ్ళ మధ్య దువ్వెన. నాలుక తెగకుండా మా ఓనరమ్మ పెట్టిందట. దువ్వెనకు నాలుగు పళ్ళు ఊడాయి, నావి భద్రంగా ఉన్నాయి. హెడ్మాస్టరు పాపం సగం మీసంతోనే వెళ్ళిపోయాడు. మిగతా సగానికి ఇంకా రాలేదు.

ఇక నవ్వడం ఆపు. ఓనరమ్మ సాయంత్రం తలుపు వేసి నన్ను కూర్చోబెట్టింది. "కత్తెర చేతిలో ఉండగా పడితే ఎవరి చెవి పోతుందో చెప్పలేం. డిసెంబర్ దాకా చూస్తాను. ఈలోగా ఇంకోటి వచ్చిందంటే నీ కుర్చీ కొత్తమ్మాయికి ఇచ్చేస్తా" అంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ కుర్చీ వెనక నిలబడుతున్నానక్కా. నాకు వచ్చిన పని అదొక్కటే. అది పోతే నేనేమిటో నాకే తెలియదు.

మందు సంగతి అడుగుతావని తెలుసు. మాత్ర గొంతు దిగని జన్మ నాది కనక అదే సిరప్పు. పొద్దున ఆరు మిల్లీలీటర్లు, సాయంత్రం ఆరు. కొలిచేది మా ఆయనే, అదే, నీ మరిది. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఒక్క ఏళ్ళు దుకాణాల మీద పడి తక్కెళ్ళు తనిఖీ చేసిన మనిషి, రిటైరయ్యాక తనిఖీకి నేనే దొరికాను. సీసా కోసం గోడకు ప్రత్యేకంగా అర కొట్టించి, అది ఎటూ వాలలేదని రసమట్టం పెట్టి చూసుకున్నాడు. సీసా వంచడు కూడా. సూది లేని సిరంజితో పైనుంచి పీల్చి, మోకాళ్ళ మీద కూర్చుని, గీత కంటికి ఎదురుగా వచ్చేదాకా సరిచూస్తాడు. చుక్క ఎక్కువైతే సీసాకే జరిమానా వేసేలా ఉన్నాడు.

నీ చెల్లెలు


నరాల వార్డు, నర్సుల గది
ఆగస్టు 17

ఏమే కోతీ,

నీ ఉత్తరం డ్యూటీలోనే చదివాను. ఒక పక్క మతిమరుపు తాతగారు అరగంటకోసారి నాకు కొత్తగా నమస్కారం పెడుతున్నారు. ఇంకో పక్క పార్కిన్సన్ జబ్బు పెద్దావిడ, మాత్ర పది నిమిషాలు ఆలస్యమైందని మంచం పక్కనే నిలబడి బిగుసుకుపోయి, ఆ బిగుసుకుపోయిన నోటితోనే నన్ను తిడుతోంది. మూడో పక్క మా ట్రైనింగ్ పిల్ల. దానికే జబ్బూ లేదు, థర్మామీటరు ఎక్కడ పెట్టిందో మాత్రం రోజూ గుర్తుండదు. నాకు తల గోక్కోవడానికి తీరిక లేదు, అయినా రాస్తున్నాను.

ముందు ఆ దువ్వెన సంగతి. ఫిట్ వచ్చినవాళ్ళ నోట్లో ఏదీ పెట్టకూడదని మీ ఓనరమ్మకు నా మాటగా చెప్పు. చేతిలో కత్తెర తీసెయ్యాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి. అంతే. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అద్దానికి అంటించు. మీసాల రేట్ల పక్కనైనా సరే.

మరిదిగారి మీద వేళాకోళం తగ్గించు. మేలో వచ్చినప్పుడు నాలుగు రోజులు చూశానుగా, అంత శ్రద్ధ మా వార్డులో జీతం తీసుకునేవాళ్ళకే లేదు. ఆయన కొలతలో లోపం ఉండదు. లోపం ఇంకెక్కడో ఉంది.

నువ్వేదో దాస్తున్నావు. నీ సంగతి నాకు తెలియదా? ఇన్ని జోకులు రాశావంటే రాయని ఏడుపు ఎక్కడో ఉండే ఉంటుంది. అదేదో రాసి పంపు.

నీ అక్క


సెలూన్ వెనక గది
సెప్టెంబర్ 10

అక్కా,

సరే, రాస్తున్నాను. చదివి కేకలెయ్యకు.

నేను తాగుతున్నానని వీధంతా అనుకుంటోంది. మందు సీసా కాదు, ఆ రెండో రకం సీసా. కొన్ని రోజులు నడుస్తుంటే కాళ్ళు నా మాట వినవు, గోడలు పట్టుకుని వెళ్తాను. నాలుక మొద్దుబారి మాట ముద్దగా వస్తుంది. అన్నిటికంటే ఘోరం, కుర్చీలో ఒకళ్ళు కూర్చుంటే నాకు ఇద్దరు కనిపిస్తారు. ఏ తల నిజమో తెలియక మొన్న ఒకాయన్ని "కొంచెం కదలండి" అన్నాను. కదిలినవాడి జుట్టు కత్తిరిద్దామని. ఇద్దరూ కదిలారు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

వారం పదిరోజులకు అదే తగ్గిపోతుంది. మళ్ళీ మామూలు మనిషిని. ఆ తర్వాత ఫిట్ భయం. వెనక నుయ్యి ముందు గొయ్యి అంటారే, అలా.

మా నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆగస్టులో ఫిట్ రాగానే తీసిన రక్తంలో మందు తక్కువుంది. మొన్న ఎనిమిదో తారీఖు తీస్తే మరీ ఎక్కువుంది. "వేళకు తాగకుండా ఎగ్గొట్టి, తర్వాత భయపడి ఒక్కసారే తాగేస్తున్నారా?" అన్నాడు. నీ మరిది ముఖం చూడాలి. "నేను కొలిచిన మందండీ! చుక్క తేడా ఉంటే నా పేరు మార్చుకుంటా" అని లేచి నిలబడ్డాడు. డాక్టరు కళ్ళద్దాల మీదుగా చూసి, "అయితే రక్తం అబద్ధం చెబుతోందంటారా?" అన్నాడు.

ఇంకొక్క ఫిట్ వస్తే రెండో మందు కలుపుతాడట. దానితో చేతులు వణకొచ్చని ముందే చెప్పాడు. "చాలామందికి పెద్ద ఇబ్బందేం కాదమ్మా" అన్నాడు. చాలామంది జనాల చెవుల పక్కన కత్తెర ఆడించరు కదా! ఫిట్ వస్తే ఓనరమ్మ కుర్చీ తీసేస్తుంది, మందు వస్తే నా చేతులే తీసేస్తాయి. ఏదో ఒకటి చెయ్యి.

నీ చెల్లెలు


నరాల వార్డు, నర్సుల గది
సెప్టెంబర్ 18

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం వచ్చింది, దాచుకోను.

ఆ తూలడం, ముద్దమాట, ఒకటి రెండుగా కనిపించడం, అన్నీ నీ సిరప్పులో ఉన్న ఫెనిటోయిన్ ఒంట్లో ఎక్కువైతే వచ్చేవే. నా ట్రైనింగ్ పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఫిట్ రావడం మందు తక్కువైతే. ఒకే మనిషికి, ఒకే మోతాదుకు, ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ ఎలా అవుతుందే? మీ డాక్టరు అడిగిందే నేనూ అడుగుతున్నాను.

చిన్నప్పుడు జ్వరం మందు కిటికీలోంచి పారబోసి, ఖాళీ గ్లాసు నాకు చూపించి "చూడు, తాగేశా" అనేదానివి. ఆ కిటికీ కింద గడ్డి కూడా మొలిచేది కాదు. ఇప్పుడూ అదే చేస్తున్నావా? ఆయన చేతికిచ్చాక నువ్వు నోట్లో పోసుకుంటున్నావా, సింకులో పోస్తున్నావా? నిజం చెప్పు. తిట్టను.

మరిదిగారు ఏదో రిజిస్టరు రాస్తారన్నావు మేలో. మొదటినుంచీ నకలు రాసి పంపించమను. నీ మాట నమ్మను గానీ ఆయన రాత నమ్ముతాను.

నీ అక్క


ఇల్లు
సెప్టెంబర్ 29

హెడ్ నర్సు గారికి,

ఒక్క చుక్క ఎగ్గొట్టలేదు. నలభై ఆరేళ్ళదాన్ని, కిటికీలోంచి పారబోద్దామన్నా ఈ ఇంట్లో కిటికీ కింద నడిచేవాళ్ళున్నారు. నువ్వడిగిన నకలు జతపరిచాను. మీ మరిదిగారు మూడు రోజులు కూర్చుని, రూళ్ళు గీసి, తప్పు పోతే కొత్త కాగితం తీసుకుని రాశారు. నేనూ ఒక మనిషినేనని అందులో ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి. నాకైతే మిల్లీలీటర్లే కనిపించాయి.

చిత్తగించవలెను.


నరాల వార్డు, నర్సుల గది
అక్టోబర్ 7

చెల్లీ, మరిదిగారూ,

నిన్న ఫోన్లో అరిచినదే వివరంగా రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

నకలు బల్ల మీద పరిచి, ఫిట్లకు ఎర్ర పెన్సిల్, తూలిన రోజులకు నీలం పెన్సిల్ పెట్టాను. మరిదిగారు సీసా మార్చిన ప్రతి తారీఖూ రాశారు. సీసా సరిగ్గా ఇరవై రోజులు వస్తోంది. మూడు ఫిట్లూ కొత్త సీసా తెరిచిన వారం, ఎనిమిది రోజులకే. తూలడమంతా సీసా అడుగంటిన రోజుల్లో, దాని తర్వాత నాలుగైదు రోజుల్లో. మీ వీధివాళ్ళు ఇంకొంచెం ఓపికగా చూసుంటే వాళ్ళే పట్టేసేవాళ్ళు.

తర్వాత ఒక గడి చూశాను. "నిలకడ సమయం: పన్నెండు గంటలు." ప్రతి రోజూ, ప్రతి పూటా. అంటే సీసాని కదపకుండా పన్నెండు గంటలు ఉంచి, పైనుంచి తీస్తున్నారు.

ఆ మందు నీళ్ళలో కరగదు. పొడిలా తేలుతూ ఉంటుంది. కదపకపోతే అడుగుకు దిగిపోతుంది. మొదటి పది రోజులూ నువ్వు తాగింది తియ్యటి నీళ్ళు. చివరి రోజుల్లో తాగింది మందు ముద్ద. ఆరు మిల్లీలీటర్లు సరిగ్గా ఆరే, కానీ ఏ రోజు ఆరులోనూ మందు సరిగ్గా లేదు.

ఇప్పుడున్న సీసా పారెయ్యండి. పైది తాగేశావు కనక ఊపినా అది సరికాదు. కొత్తది తెరిచి, ప్రతిసారీ బాగా ఊపి, నురగ దిగేదాకా కాసేపాగి, అప్పుడు కొలవండి. ఈ ఉత్తరం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి, రక్త పరీక్ష ఎప్పుడెప్పుడు చెయ్యాలో అడగండి. రెండో మందు అప్పుడే వద్దని అడగండి.

ఎందుకు ఊపలేదు, ఎవరి తప్పు అన్నది ఇప్పుడు అనవసరం. నిన్ను అనుమానించినందుకు మాత్రం క్షమించు.

అక్క


ఇల్లు
అక్టోబర్ 30

అక్కా,

డాక్టరు నీ ఉత్తరం చదివి నవ్వాడు, తర్వాత నవ్వలేదు. ఆరు వారాలు రక్తం చూసి, కుదురుగా ఉంటే రెండో మందు అక్కర్లేదన్నాడు. మొదటి పరీక్ష బాగుంది. తూలడం లేదు. ఒక్కళ్ళు ఒక్కళ్ళలాగే కనిపిస్తున్నారు. ఫిట్ రాలేదు. దిష్టి తగలకుండా చెక్క ముట్టుకుంటున్నాను.

నువ్వు పారెయ్యమన్న సీసా మీద నీ మరిది "సీసా నం. 8, తెరిచిన తేదీ" అని అందంగా రాసి చీటీ అంటించాడు. గోటితో గీకి తీశాను. కింద కంపెనీవాళ్ళ అచ్చు: "వాడే ముందు బాగా ఊపవలెను." రిజిస్టరు మొదలెట్టినప్పటినుంచీ ఎనిమిది సీసాల మీదా అదే చోట, అదే చీటీ!

నాకు ఒళ్ళు మండిపోయింది. అనరాని మాటలన్నాను. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట అన్నాను. ఊరందరి తక్కెళ్ళూ దొంగవని పట్టుకున్నారు, ఇంట్లో మీ చెయ్యే దొంగదన్నాను. వీధిలో నన్ను తాగుబోతన్న రోజు మీరెక్కడున్నారు, రసమట్టం చూస్తున్నారా అన్నాను. "పొరపాటు నాదే" అంటూ సిరంజి కడిగి పెట్టాడు. డాక్టరు ముందు కూడా, "పొరపాటు నాదేనండి, ఇంకెవరిదీ కాదు" అన్నాడు.

మర్నాడు గోడకున్న అర పీకేశాడు. రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇప్పుడు మందు నేనే కొలుచుకుంటున్నాను. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తాడు, లోపలికి రాడు. రమ్మనాలని నాకూ లేదు. ఆ కోపం ఎప్పుడు దిగుతుందో నాకే తెలియడం లేదు.

నీ చెల్లెలు


నరాల వార్డు, నర్సుల గది
నవంబర్ 8

కోతీ,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను. నాలుగోసారి రాస్తున్నది చింపను.

మే పదకొండున మీ ఇంటినుంచి బయల్దేరే రోజు, ఆటో గుమ్మం ముందు నిలబడింది. మరిదిగారు నీకు మందు పోస్తున్నారు. సీసా గట్టిగా ఊపి, వెంటనే, నురగతో సహా ఆరు గీత దాకా పోశారు. నురగ దిగితే నాలుగున్నరే ఉంది. నేను నవ్వి, "ఏం మరిదిగారూ, నురగకు కూడా ముద్ర వేస్తారా? సీసాని ఊపకండి, నిలకడగా ఉంచి తియ్యండి" అన్నాను. ఊపాక కాసేపు నిలకడగా ఉంచమని చెప్పాలి. ఆటోవాడు హారన్ కొట్టాడు. సగం చెప్పి ఎక్కేశాను.

ఆయన సరిగ్గానే పోస్తున్నారు. చెడగొట్టింది నేను. ప్రతి ఏడూ ట్రైనింగ్ పిల్లలకు మొదటి రోజు చెప్పే మొదటి మాట "సీసా ఊపండి". చెల్లెలింట్లో మాత్రం "ఊపకండి" అని వచ్చాను. దీపం కింద చీకటంటే ఇదే. నకల్లో "నిలకడ" అన్న మాట చూడగానే నాకు గుర్తొచ్చింది, అది నా మాటేనని. అయినా నీకు రాయలేదు. ఎవరి తప్పో అనవసరం అని పెద్దరికం వెలగబెట్టాను. నువ్వు ఆయన్ని తిట్టావని చదివాక కూడా మూడు కాగితాలు చింపాను. పైగా నిన్ను దొంగన్నాను.

భయపడ్డానే. ముప్పై ఏళ్ళ పేరు పోతుందని కాదు, నా చేతిమీద నాకు నమ్మకం పోతుందని. ఇప్పుడు ఆయన్ని పిలిచి ఇది గట్టిగా చదివి వినిపించు. తర్వాత నన్ను ఏమైనా అను.

అక్క


సెలూన్, పనివేళ
డిసెంబర్ 4

అక్కా,

గట్టిగా చదివి వినిపించాను. నీ మరిది చివరిదాకా విని, "తెలుసు" అన్నాడు.

తెలుసేమిటి అన్నాను. బీరువా తాళం తీయించాను. అసలు రిజిస్టరు తెరిచాను. మొదటి పేజీ, మొదటి పంక్తి: "మే 11. వదినగారి ఆదేశం మేరకు ఇకపై సీసా ఊపరాదు." ఎర్ర సిరాతో కింద గీత కూడా గీశాడు. నీకు పంపిన నకలు మే 12 నుంచి మొదలవుతుంది. చివర "నిజ నకలు" అని రాసి సంతకం పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఎవడెంత ఆశపెట్టినా చెయ్యని పని మూడు రోజులు కూర్చుని రూళ్ళు గీసి మరీ చేశాడు.

ఆ కాగితాలు పంపేటప్పటికి ఊపకపోవడం వల్లే ఇదంతా అని ఆయనకూ తెలియదు. మందులో ఏదో పొరపాటు జరిగిందని తేలితే అది నీ మీదికి రాకూడదనుకున్నాడంతే. "ఎందుకండీ?" అని అడిగాను. "నాకు రిటైరైపోయింది. నామీద పడితే పోయేదేముంది? ఆవిడ పొద్దున్నే లేచి నలభైమందికి మందివ్వాలి. ఇచ్చేటప్పుడు చెయ్యి వణికితే ఎలా?" అన్నాడు. నా చేతుల కోసం నేను ఏడుస్తుంటే, ఈ మనిషి నీ చేతుల కోసం నాచేత నోటికొచ్చినన్ని తిట్లు తిన్నాడు. సిగ్గుతో చచ్చిపోయానక్కా. కాళ్ళ మీద పడబోతే, "లే, లే, తూలుతున్నావా?" అని కంగారుపడ్డాడు.

నీ మీద కోపమా? తిలాపాపం తలా పిడికెడు. నువ్వు సగం చెప్పావు, ఆయన విన్నదాన్ని రెట్టింపు చేశాడు, నేను నోరు తెరవడం తప్ప కళ్ళు తెరవలేదు. నువ్వు దాచినందుకు మాత్రం రెండు రోజులు తిట్టుకున్నాను. మూడో రోజు ఓపిక అయిపోయింది. వెళ్ళి నీ నలభైమందికీ మందివ్వు, ఊపి మరీ ఇవ్వు.

ఇక కుర్చీ సంగతి. రక్తం మూడుసార్లూ కుదురుగా ఉంది. రెండో మందు లేదు. డాక్టరు చీటీ చూపిస్తే ఓనరమ్మ, "డిసెంబరన్నాను, డిసెంబరొచ్చింది, నిలబడు" అంది. నిలబడ్డాను. తాగుబోతన్న పేరు ఇంకా పోలేదేమో, ఎవరూ కూర్చోలేదు. ఒకరిద్దరు నన్ను చూసి కొత్తమ్మాయి దగ్గరే నిలబడ్డారు, ముగ్గురి వెనకైనా సరే. అద్దం తుడిచాను. తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాను. నిన్న పొద్దున నీ మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, అందరూ చూస్తుండగా నా కుర్చీలో కూర్చుని, "మీసం కూడా" అన్నాడు.

గుడ్డ కట్టాను. చెవి పక్కన కత్తెర పెట్టాను. నా చెయ్యి వణకలేదు. రెండో చెవి దగ్గరికి వచ్చేసరికి తల బరువుగా నా అరచేతిలోకి వాలింది. నిద్రపోయాడు. జూన్ నుంచి ఈ మనిషి నా పక్కన కళ్ళు తెరుచుకునే పడుకున్నాడని నాకు అప్పుడే అర్థమైంది. మీసం కత్తిరించడం అయ్యింది, మెడ దులపడం అయ్యింది, లేవలేదు. అప్పటికి గుమ్మంలో నలుగురు చేరారు. అందులో ఇద్దరు నాకోసమే ఆగారు.

"లేపవే, అవతల జనం ఉన్నారు" అంది ఓనరమ్మ.

"నా కుర్చీ. పడుకోనీ" అన్నాను.

ఆవిడ వెళ్ళి గుమ్మంలో ఉన్నవాళ్ళకు బెంచీ జరిపింది.

నీ చెల్లెలు